మైకుకి నచ్చే చవక గిటార్

(ఇంట్లో పాటలు రికార్డ్ చేసుకునేవారి కోసం జరిగిన ఒక సదస్సులో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది ఇంట్లోనే ఒక మైకు, ఒక ల్యాప్‌టాప్, ఆ రెండిటినీ కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టుకుని పాటలు చేసుకునేవాళ్లేనని నిర్వాహకులు చెప్పారు. కాబట్టి పెద్ద స్టూడియోల సంగతి పక్కన పెట్టేస్తాను. చేతిలో డబ్బు తక్కువ. గది మామూలు గది. ఆ పరిస్థితిలో రికార్డింగ్‌కి పనికొచ్చే అకూస్టిక్ గిటార్ ఎలా ఎంచుకోవాలో, అంతవరకే మాట్లాడతాను.

చాలామంది నన్ను ఒక్క మోడల్ పేరు చెప్పమంటారు. చెబుతాను, దాచుకునేదేం లేదు. కానీ చవక గిటార్లతో ఒక చిక్కుంది. ఒకే మోడల్‌వి రెండు పక్కపక్కన పెట్టి వాయించి చూడండి. ఒకటి శ్రుతిలో నిలుస్తుంది, రెండోది నిలవదు. చెక్క కోయడం, ఫ్రెట్లకి, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలకి, గాట్లు పెట్టడం ఇప్పుడు కంప్యూటర్ నడిపే యంత్రాలు చేస్తున్నాయి. చవక గిటార్లు ఇంత బాగుపడ్డాయంటే ముఖ్యంగా అందుకే. కానీ నట్ (మెడ పైభాగంలో తీగలు ఆనే చిన్న తెల్ల పట్టీ) మీద గాటు ఎంత లోతుండాలి, శాడిల్ (బాడీ వైపు తీగలు ఆనే పట్టీ) ఎంత ఎత్తుండాలి అన్నది చివర్లో మనిషి కూర్చుని ఓపిగ్గా చూడాల్సిన పని. కంపెనీలు ఖర్చు మిగుల్చుకునేది సరిగ్గా అక్కడే. అందుకని మోడల్ పేరు సగం సమాచారమే. మిగతా సగం మీ చెవితో మీరే తేల్చుకోవాలి.

అసలు విషయానికొస్తాను. వాయించేవాడి చెవి గిటార్‌కి పైన, కాస్త వెనకగా ఉంటుంది. మైకు ఎదురుగా ఉంటుంది. ఇద్దరూ వినేది ఒకటి కాదు. పైగా వాయించేవాడికి గిటార్ వెనక పలక పొట్టకి ఆని ఉంటుంది. మంద్ర స్వరం మీటగానే ఒళ్లంతా ఝల్లుమంటుంది, "అబ్బ, ఎంత గంభీరంగా ఉంది!" అనిపిస్తుంది. షాపులో మనం డబ్బు పెట్టేది ఆ ఝల్లుకే. మైకుకి పొట్ట లేదు. (నవ్వులు)

షాపులో ఎక్కువగా కనబడే పెద్ద బాడీ గిటార్‌ని డ్రెడ్‌నాట్ అంటారు. 1906లో బ్రిటిష్ నౌకాదళంలో చేరిన యుద్ధనౌక పేరది. మార్టిన్ అనే గిటార్ల కంపెనీ 1916లో డిట్సన్ అనే మరో సంస్థ కోసం ఈ ఆకారం తయారు చేసింది. 1931 నుంచి సొంత పేరుతో అమ్మింది. ఇంత పెద్ద బాడీ ఎందుకు? గట్టిగా వినబడడానికి. పక్కన ఫిడేలు, బాంజో మోగుతుంటే, పదిమంది పాడుతుంటే, గిటార్ మునిగిపోకూడదు. అప్పట్లో అది నిజమైన అవసరం. మీ గదిలో ఆ అవసరం లేదు. గట్టిదనం కావాలంటే ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ నాబ్ తిప్పితే వస్తుంది. మీకు అక్కర్లేని దాన్ని డబ్బిచ్చి కొనుక్కుని, తర్వాత మిక్సింగ్‌లో కూర్చుని దాన్నే కోసి పారేస్తుంటారు.

ఎలాగో వివరంగా చూద్దాం. గిటార్ బొజ్జలో ఉన్న గాలికి తనదైన ఒక కంపనం ఉంటుంది. డ్రెడ్‌నాట్‌లో అది సుమారు 100 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. లావు ఇ తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే వచ్చే జి స్వరం 98 హెర్ట్జ్. అంటే జి కార్డ్ (కార్డ్ అంటే కలిపి మీటే స్వరాల గుంపు) వాయించిన ప్రతిసారీ అడుగున ఉన్న ఆ ఒక్క స్వరం మిగతావాటికంటే ఉబ్బుతుంది. విడిగా వింటే నిండుగా, బాగానే అనిపిస్తుంది. ఇప్పుడు మైకు సంగతి చూడండి. ఇంట్లో గది ధ్వని బాగుండదు, గోడల నుంచి ప్రతిధ్వని వస్తుంది. గది వినబడకూడదని మైకుని గిటార్‌కి దగ్గరగా జరుపుతాం. దూరాన్ని సగం చేస్తే గదితో పోల్చినప్పుడు గిటార్ సుమారు 6 డెసిబెల్స్ ముందుకొస్తుంది కాబట్టి అది మంచి ఉపాయమే. కానీ ఎదుటి ధ్వనిని ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ మైకులకి ఒక గుణం ఉంది: దగ్గరికి జరిపేకొద్దీ మంద్రాన్ని పెంచి చూపిస్తాయి. గిటార్ ఉబ్బు ఒకటి, మైకు ఉబ్బు ఇంకొకటి. రెండూ కలిసి రికార్డింగ్‌లో 'గుమ్' అనే శబ్దం మిగులుతుంది. ఈక్వలైజర్‌తో 100 దగ్గర తగ్గిస్తే ఆ జి స్వరం ఒక్కటే తగ్గదు, దాని చుట్టుపక్కల స్వరాలన్నీ పలచబడతాయి.

అందుకని నా సలహా సూటిగా చెబుతున్నా: గది మామూలుదైతే, మైకు దగ్గరగా పెట్టక తప్పకపోతే, చిన్న బాడీ తీసుకోండి. కాన్సర్ట్ అంటారు, ఓఎం అంటారు, ఒక్కో కంపెనీది ఒక్కో పేరు. ఓఎం అంటే ఆర్కెస్ట్రా మోడల్, మార్టిన్ 1929లో తెచ్చింది. నడుము సన్నగా, లోతు తక్కువగా ఉంటుంది. ఆరు తీగలూ దాదాపు ఒకే బరువుతో పలుకుతాయి. షాపులో పక్కన పెద్ద గిటార్ ఉంటే ఇది చిన్నబోయినట్టే అనిపిస్తుంది. రికార్డ్ చేసి హెడ్‌ఫోన్స్‌లో వింటే, పిట్ట కొంచెం, కూత ఘనం అన్నట్టు, కథ తిరగబడుతుంది. పాటలో బేస్ గిటార్, డ్రమ్స్, గొంతు ఇప్పటికే ఉన్నప్పుడు అకూస్టిక్ గిటార్ నుంచి 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా ఎలాగూ తీసేస్తారు. తీసేయడానికి తక్కువ ఉన్న గిటార్ కొనడమే మేలు కదా.

ఒక్క మినహాయింపు ఉంది. పాట మొత్తం ఒక గొంతు, ఒక గిటార్ మాత్రమే అయితే, గదిలో ప్రతిధ్వని కూడా తక్కువగా ఉంటే, డ్రెడ్‌నాట్ నిండుదనం నిజంగా పనికొస్తుంది. అలాంటి పాటలు చేసేవాళ్లు నా మాట పట్టించుకోనక్కర్లేదు.

ఇప్పుడు శ్రుతి. ఈ ప్రసంగంలో ఇది ఒక్కటి గుర్తుంటే చాలు అంటాను.

ఒంటరిగా వాయించేటప్పుడు గిటార్ అంతా కలిసి కొంచెం పైకో కిందకో ఉన్నా చెవి సర్దుకుంటుంది. రికార్డింగ్‌లో అలా కుదరదు. పక్కన కీబోర్డ్ ఉంటుంది, అది ఒక్క సెంటు కూడా కదలదు. సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు. ఎడమకి ఒకటి, కుడికి ఒకటి అని గిటార్‌నే రెండుసార్లు వాయించి పేర్చుతాం, అప్పుడు దాని దోషం రెట్టింపు వినబడుతుంది. గొంతు శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్ ఉంది కదా అంటారు. ఆరు తీగలు కలిసి మోగే కార్డ్‌ని దిద్దడం దానికి అంత తేలిక కాదు.

చవక గిటార్లలో నేను ఎక్కువగా చూసే దోషం నట్ దగ్గరే. దాని గాట్లు తగినంత లోతు లేకపోతే తీగ మొదటి ఫ్రెట్ మీద ఎత్తుగా ఉంటుంది. నొక్కినప్పుడు ఎక్కువ సాగుతుంది, స్వరం పైకి వెళ్తుంది. ఇ మేజర్ కార్డ్ పట్టండి. మూడో తీగ మొదటి ఫ్రెట్ దగ్గర జి షార్ప్ ఉంది చూశారా, అది ఆ కార్డ్‌కి గాంధారం. ఫ్రెట్ల లెక్క ప్రకారమే గాంధారం సహజ స్థానం కంటే సుమారు 14 సెంట్లు పైన ఉంటుంది. సహజ గాంధారం 386 సెంట్లు, గిటార్‌ది 400. చెవి దానికి అలవాటు పడిపోయింది, ఒప్పుకుంటుంది. దాని మీద నట్ ఎత్తు వల్ల ఇంకో పది సెంట్లు ఎక్కితే ఇక ఒప్పుకోదు. ట్యూనర్‌లో ఆరు తీగలూ పచ్చ లైటు చూపిస్తున్నా, ఇ కార్డ్ అపశ్రుతిగా ఉంటుంది. అది బాగుండాలని ఆ మూడో తీగని కొంచెం దించుతారు. అప్పుడు జి కార్డ్ చెడుతుంది. ఇలా రాత్రంతా కీలు తిప్పుతూ కూర్చునేవాళ్లు ఉన్నారు. తప్పు వాళ్ల చెవిది కాదు, నట్‌ది.

పరీక్ష చాలా సులువు. తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టండి. ఇప్పుడు మొదటి ఫ్రెట్‌కీ తీగకీ మధ్య చూడండి. పలచటి కాగితం దూరేంత సందు ఉండాలి. రెండో చేతి వేలితో అక్కడ తీగ మీద తడితే చిన్న 'టిక్' వినబడాలి. సందు బాగా కనబడుతుంటే నట్ ఎత్తుగా ఉన్నట్టు. అసలు సందే లేకపోతే గాటు ఎక్కువ కోసేశారు, ఉత్త తీగ మీటితే జర్రుమంటుంది. ఆరు తీగలకీ చూడండి. ఎత్తుగా ఉన్న నట్‌కి భయపడక్కర్లేదు, తెలిసిన మెకానిక్ కాసేపట్లో సరిచేస్తాడు. మీరు మాత్రం ఇంట్లో ఆకురాయితో మొదలుపెట్టకండి. చెక్కిన నట్‌ని మళ్లీ పెంచడం కష్టం.

రెండో పరీక్ష 12వ ఫ్రెట్ దగ్గర. తీగని నొక్కకుండా అక్కడ వేలు తాకించి హార్మోనిక్ పలికించండి, తర్వాత అదే చోట నొక్కి మీటండి. ట్యూనర్‌లో రెండూ ఒకటే చూపించాలి. రెండు మూడు సెంట్ల తేడా పర్వాలేదు. నొక్కిన స్వరం పది సెంట్లు పైనుంటే ముందు తీగలు పాతవేమో చూడండి, తుప్పు పట్టిన తీగ అబద్ధం చెబుతుంది. తీగలు ఫ్రెట్ల మీద మరీ ఎత్తుగా ఉన్నా ఇలాగే అవుతుంది. 12వ ఫ్రెట్ మీద లావు తీగ కింద సుమారు రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ కింద రెండు, ఇది మామూలు కొలత. కొత్త తీగలు, సరైన ఎత్తు ఉండి కూడా తప్పుగా చూపిస్తుంటే శాడిల్‌ని మోసే బ్రిడ్జ్ అతికించిన చోటే తేడా ఉండొచ్చు. ఆ గిటార్ అక్కడే పెట్టేసి రండి.

శబ్దాల సంగతి తొందరగా చెప్పేస్తాను. మైకు అడుగు దూరంలో ఉంటే వదులుగా ఉన్న ప్రతి మేకూ, మరా వినబడతాయి. ట్యూనింగ్ కీల బిగింపు నట్లు, పట్టీ తగిలించే బటన్, బ్యాటరీ పెట్టె మూత, లోపల జిగురు ఊడిన బద్దలు, ఇవన్నీ ఒక్కో స్వరానికి గరగరమంటాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? కొనేముందే వేలి కణుపుతో పై పలక, వెనక పలక మెల్లగా తడుతూ వెళ్లండి. ఎక్కడైనా పగిలిన కుండలా మోగితే లోపల ఏదో ఊడిందన్నమాట. తర్వాత ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ దగ్గరా ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా మీటండి. అమ్మేవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

చెక్క గురించి అడక్కుండా ఎవరూ వదలరు. పై పలక అసలు చెక్కా, ప్లైవుడ్డా అన్నది నిజంగా ముఖ్యం. పొరలు అతికించకుండా, అసలు చెక్కనే (చాలావరకు స్ప్రూస్ అనే చెక్క) కోసి చేసిన పలకని సాలిడ్ టాప్ అంటారు. అది తేలిగ్గా కంపిస్తుంది, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. సౌండ్ హోల్ అంచు చూస్తే తెలిసిపోతుంది: చెక్క గీతలు పైనుంచి అంచు మందంలోకి అలాగే దిగితే సాలిడ్. వెనక, పక్కల చెక్క గురించి మాత్రం మనం అనవసరంగా బుర్ర పాడుచేసుకుంటాం. 2018లో బ్రిటన్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకే డిజైన్‌లో ఆరు గిటార్లు చేయించారు. తేడా ఒక్క వెనక, పక్క చెక్కల్లోనే: బ్రెజిల్ రోజ్‌వుడ్, ఇండియన్ రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, సపేలి, వాల్‌నట్. ఏది ఏదో కనబడకుండా 52 మంది గిటారిస్టుల చేత వాయింపించి మార్కులు వేయించారు. అన్నిటికీ దాదాపు ఒకే మార్కులు వచ్చాయి. అరుదైన, ఖరీదైన చెక్కలకీ సామాన్యమైన చెక్కలకీ ధరలో ఉన్నంత తేడా నాదంలో లేదు. కాబట్టి వెనక పలక ప్లైవుడ్డే అయినా నామోషీ పడకండి. అసలు ప్లైవుడ్‌కి ఒక సుగుణం కూడా ఉంది, గాలిలో తేమ మారినా అంత తొందరగా వంగదు, పగలదు. సాలిడ్ టాప్ కొన్నవాళ్లు మాత్రం 45 నుంచి 55 శాతం మధ్య తేమ ఉండేలా చూసుకోవాలి.

పికప్ ఉన్న గిటార్లు, అంటే ప్లగ్ చేసేవి. మీ పని మైకుతో రికార్డింగే అయితే వద్దు. శాడిల్ కింద పెట్టే పీజో పికప్ తీగల ఒత్తిడిని పడుతుంది తప్ప గిటార్ చుట్టూ గాలిలో పుట్టే నాదాన్ని పట్టదు. అందుకే అది గట్టి ప్లాస్టిక్ మీద గీకినట్టు వినబడుతుంది. ఒకే ధరలో పికప్ ఉన్నదీ లేనిదీ ఉంటే, ఆ ఎలక్ట్రానిక్స్ డబ్బు ఎక్కడో చెక్కలోనో పనితనంలోనో తగ్గించి ఉంటారు. స్టేజి మీద కూడా వాయించేవాళ్ల లెక్క వేరు.

సరే, పేర్లు. యమహాలో ఎఫ్‌జీ 800, ఎఫ్‌ఎస్ 800 అని రెండున్నాయి. రెండింటికీ పై పలక సాలిడ్ స్ప్రూస్. ఎఫ్‌జీ పెద్ద బాడీ, ఎఫ్‌ఎస్ చిన్నది. ఇప్పటిదాకా నేను చెప్పిన తేడా చెవితో వినాలంటే ఈ రెండూ పక్కపక్కన పెట్టుకోండి, అంతకంటే మంచి పాఠం లేదు. నా ఓటు ఎఫ్‌ఎస్‌కి. ఫెండర్‌లో సీడీ 60ఎస్ పెద్దది, సీసీ 60ఎస్ చిన్నది, వీటికీ సాలిడ్ టాపే. కెనడాలో తయారయ్యే సీగల్ ఎస్ 6 కొంచెం పై ధరలో ఉంటుంది. దాని పై పలక స్ప్రూస్ కాదు, సెడార్. మెత్తగా పలుకుతుంది. వేళ్లతో వాయించేవాళ్లకి చాలా బాగుంటుంది, పిక్‌తో గట్టిగా బాదేవాళ్ల దగ్గర తొందరగా నోరు మూసుకుంటుంది.

షాపుకి వెళ్లేటప్పుడు మీ పాట గిటార్ లేకుండా ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి. స్నేహితుణ్ని తీసుకెళ్లి అతని చేత వాయింపించండి, మీరు ఎదురుగా, మైకు ఉండే చోట నిలబడి వినండి. ఫోన్‌ని 12వ ఫ్రెట్‌కి ఎదురుగా, 25, 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టి ప్రతి గిటార్‌నీ అదే దూరం నుంచి రికార్డ్ చేయండి. సౌండ్ హోల్‌కి గురిపెట్టొద్దు, ఆ గుమ్ శబ్దమంతా అక్కడి నుంచే వస్తుంది. ఇంటికొచ్చాక అన్నిటి వాల్యూమ్ సమానం చేసి అప్పుడు పోల్చండి. ఏది కాస్త గట్టిగా ఉంటే అదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. షాపులో తీగలు నెలల తరబడి వేలాడి మొద్దుబారి ఉంటాయి, దాన్ని బట్టి గిటార్‌ని తీసిపారేయకండి. కొన్నాక ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు, పన్నెండు కాకుండా పదకొండు గేజ్, అంటే కాస్త సన్నవి, వేసి చూడండి. రికార్డింగ్‌కి ముందు రోజు మార్చి బాగా లాగి సర్దితే శ్రుతి నిలబడుతుంది. తీగలన్నీ కలిపి మీటే స్ట్రమ్మింగ్‌కి అర మిల్లీమీటరు పలచటి పిక్ వాడండి. వేలల్లో ఖర్చు పెట్టి గిటార్ మార్చినా రాని తేడా ఒక్కోసారి ఆ ప్లాస్టిక్ ముక్క తెస్తుంది.

ఇంక ప్రశ్నలు తీసుకుందాం.

*సభలోంచి:* సర్, సెకండ్ హ్యాండ్ కొనొచ్చా?

తప్పకుండా కొనొచ్చు. ఒక్కటి చూడండి. పొడవాటి స్కేలు ఫ్రెట్ల మీద పెట్టి బ్రిడ్జ్ వైపు జరపండి. స్కేలు చివర బ్రిడ్జ్ పైఅంచుకి తగలాలి. బాగా కిందికి గుద్దుకుంటే మెడ కోణం వంగిపోయింది. ఆ మెడని ఊడదీసి మళ్లీ కూర్చోబెట్టే ఖర్చు చవక గిటార్ ధరని దాటిపోతుంది. బ్రిడ్జ్ వెనక అంచు కింద విజిటింగ్ కార్డ్ దూరుతుంటే జిగురు వదిలేస్తోంది, అదీ వద్దు. ఫ్రెట్లు కాస్త అరిగాయి, కీలు బిగుతుగా ఉన్నాయి, పైన గీతలు పడ్డాయి, ఇవన్నీ బేరమాడడానికి పనికొచ్చే దోషాలు.

*సభలోంచి:* మా ఇంట్లో పాత ప్లైవుడ్ గిటార్ ఒకటుంది. కొత్తది కొంటే దాన్ని ఇచ్చేయమంటారా?

ఇవ్వొద్దండి. దానికి హై స్ట్రంగ్ ట్యూనింగ్ పెట్టండి. నాష్‌విల్ ట్యూనింగ్ అని కూడా అంటారు. ఇ, ఏ, డి, జి, ఈ నాలుగు తీగలూ తీసేసి అవే స్వరాలు ఒక స్థాయి పైన పలికే సన్నటి తీగలు వేస్తారు. బి, పై ఇ మామూలువే. పన్నెండు తీగల గిటార్ సెట్ ఒకటి కొంటే అందులో జంటలుగా వచ్చే సన్న తీగలు సరిగ్గా సరిపోతాయి. కొత్త గిటార్‌తో వాయించిన కార్డ్‌లే దీంతో ఇంకోసారి వాయించి పక్కకి పెట్టండి. మంద్రం అసలు లేదు కాబట్టి ప్లైవుడ్ అనే సంగతి ఎవరికీ తెలియదు, పాటకి తళుకు మాత్రం వస్తుంది. ఒక జాగ్రత్త, సన్న తీగల లాగుడు తక్కువ కాబట్టి మెడ కొంచెం వెనక్కి వాలి ఫ్రెట్లు జర్రుమనొచ్చు. అలా అయితే మెడ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే కడ్డీని పావు చుట్టు వదులు చేసి, ఒక రోజు ఆగి మళ్లీ చూడండి.